పనిముట్లు ఎవరివి? – 7వ భాగం: మహాడ్ చెరువు, జీటీకే, మా నగరి



పోయిన భాగంలో నగరి మరమగ్గాల గురించి రాశాను. మగ్గం ఒకరిది, దాని ముందు రోజంతా నిలబడే కాళ్లు ఇంకొకరివి అన్నాను. అది చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేసి, "ఇప్పుడంతా కంప్యూటర్ కాలం కదన్నా, అక్కడ మగ్గం ఎవరిది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఈ భాగం దాని గురించే.

కంప్యూటర్‌లో మనం నొక్కే బటన్లు, తెరుచుకునే కిటికీలు, అంకెలు రాసే గడులు ఎవరూ ప్రతిసారీ మొదటినుంచి తయారు చేసుకోరు. వాటిని ముందే చేసి పెట్టిన సరంజామా ఉంటుంది. దాన్ని టూల్‌కిట్ అంటారు. సాఫ్ట్‌వేర్ రాసేవాడి మగ్గం అదే. 1990ల మొదట్లో యూనిక్స్ కంప్యూటర్లమీద మోటిఫ్ అనే టూల్‌కిట్ రాజ్యం చేసేది. దానికి లైసెన్సు కొనాలి.

1995లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు, పీటర్ మాటిస్, స్పెన్సర్ కింబాల్, బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ ఒకటి మొదలుపెట్టారు. అదే గింప్. మొదట మోటిఫ్‌తోనే కట్టారు. దాంతో గింప్‌ను ఉచితంగా ఇచ్చినా, దాన్ని బాగుచేయాలనుకునేవాడు మోటిఫ్ కొనాల్సి వచ్చేది. చివరికి మాటిస్ విసిగిపోయి సొంత టూల్‌కిట్ రాసుకున్నాడు. దాని పేరు గింప్ టూల్‌కిట్, పొట్టిగా జీటీకే. తర్వాత టోర్ లిల్‌క్విస్ట్ అనే ఫిన్లాండ్ ఆయన దాన్ని విండోస్‌కు తెచ్చాడు. అట్లా ఒకసారి రాసిన ప్రోగ్రామ్ లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడిచే దారి పడింది.

అదే కాలంలో నార్వే కంపెనీ తెచ్చిన క్యూట్ అనే టూల్‌కిట్ ఇంకా బాగుండేది. లైసెన్సులో మెలిక ఉండేది. దాన్ని మార్చి పదిమందికి పంచే హక్కు లేదు. ఆ గొడవలోనే 1997 ఆగస్టులో గ్నోమ్ ప్రాజెక్టు జీటీకే మీద మొదలైంది. క్యూట్ 2000లో యూనిక్స్‌కు, 2005లో విండోస్‌కు జీపీఎల్ కిందికి దిగివచ్చింది. దయతో దిగలేదు. పక్కన ఇంకో మగ్గం ఉంది కాబట్టి దిగింది.

సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపుతారు. తలుపు తెరుచుకుంది, అందరూ రావచ్చు అంటారు. నాకైతే ఇక్కడ మహాడ్ గుర్తుకొస్తుంది.

1923లో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే తీర్మానం నెగ్గింది. సర్కారు సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లకూ తెరవాలని. 1924లో మహాడ్ మున్సిపాలిటీ తన చెరువు కూడా తెరిచినట్టు కాగితం మీద రాసుకుంది. మూడేళ్లు మనవాళ్లెవరూ ఆ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి దోసిలి పట్టాడు. ఆ తర్వాత మనవాళ్లను కొట్టారు, చెరువును ఆవు పేడతో, మూత్రంతో శుద్ధి చేసుకున్నారు. కోర్టు కేసు తేలేసరికి 1937 వచ్చింది.

లైసెన్సు కాగితం కూడా బోలే తీర్మానం లాంటిదే. కావలసినదే, కానీ దానితో దాహం తీరదు.

దోసిలి పట్టినవాళ్లు మనకు దగ్గరలోనే ఉన్నారు. బెంగళూరులో సుదర్శన్ లేఅవుట్ అనే మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, ఆ వాడ జనం కలిసి అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. పాత కంప్యూటర్లమీద లినక్స్ వేసి, కూలివాళ్ల పిల్లలకు గింప్ నేర్పించారు. బర్క్‌లీలో పుట్టిన పనిముట్టు ఆ ఇరుకు గదిలో పిల్లల చేతికి వచ్చింది. సెంటర్‌కు పెట్టుకున్న పేరు చూడండి. ఊరికే పెట్టుకోలేదు. తెలుగు వైపు చూస్తే, హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని ఏళ్ల తరబడి చేసింది. మెనూ తెలుగులో కనబడితే మా పిల్లలకు సగం భయం పోతుంది. ఇది నేను కళ్లారా చూసిన మాట.

ఇక మా కాలనీ సంగతి. కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు రెండు పాత ల్యాప్‌టాప్‌లతో మొదలుపెట్టాం. నాకూ పెద్దగా రాదు. ముందురోజు రాత్రి నేర్చుకున్నది మర్నాడు చెప్పేవాడిని. పైథాన్, జీటీకే తీసుకున్నాం. పదో తరగతి పాప ఒకతె మొదటి రోజే, "అన్నా, దీనికి ఎవురికన్నా డబ్బు కట్టాల్నా?" అని అడిగింది. వద్దమ్మా అంటే నమ్మలేదు.

ఆ పాప రాసిన మొదటి ప్రోగ్రామ్‌లో రెండు గడులు, ఒక బటన్. ఒక గడిలో వాళ్లమ్మ వారంలో నేసిన మీటర్లు, ఇంకో దాంట్లో మీటరుకు కూలి. బటన్ నొక్కితే మొత్తం. లినక్స్‌లో రాసినది జిరాక్స్ అంగడిలోని విండోస్ కంప్యూటర్‌లో నడిపించడానికి మాకు ఒక పూట పట్టింది. ప్రోగ్రామ్ అదే, దానికి కావలసిన లైబ్రరీలన్నీ వేసేసరికి చీకటి పడింది.

ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో కావాలంటున్నారు. న్యాయమే, ఇళ్లలో ఉన్నది ఫోన్లే. జీటీకే పుట్టింది డెస్క్‌టాప్‌కు. ఫోన్‌కైతే గూగుల్ వాళ్ల ఫ్లట్టర్ ఉంది, 2018 డిసెంబర్‌లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. అదీ ఓపెన్ సోర్సే. కానీ ఆండ్రాయిడ్ సరంజామా అంతా తెరిచేసరికి మా పాత ల్యాప్‌టాప్ మూలుగుతా ఆగిపోతుంది. ఐఫోన్ యాప్ తయారుచేయాలంటే యాపిల్ కంప్యూటరే కావాలి. చెరువు తెరిచారు, మెట్లు మాత్రం అంత ఎత్తున కట్టారు.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఊరకే పడి ఉంటే చెప్పండి, పుత్తూరు నుంచైనా తిరుత్తణి నుంచైనా వచ్చి తీసుకుపోతాం.

ఆ పాప లెక్కకూ మగ్గం యజమాని చీటీకీ ఆ వారం అరవై రూపాయల తేడా వచ్చింది. వాళ్లమ్మ పోయి అడిగింది. చూస్తామన్నాడంట. ఇంకా ఇవ్వలేదు.

(ఎనిమిదో భాగం వచ్చే ఆదివారం)