మాగ్నెటిక్ స్ట్రిప్ కార్డు సాఫ్ట్‌వేర్

ఏటీఎం కార్డు వెనక ఉండే నల్ల పట్టీలోని సమాచారాన్ని చదవడానికి, అందులో కొత్తగా రాయడానికి వాడే ప్రోగ్రాములివి. పట్టీని ప్లాస్టిక్ కార్డుకు అంటించే ఉపాయం 1960లలో ఐబీఎం ఇంజనీరు ఫారెస్ట్ ప్యారీకి దొరికింది. జిగురుతో కుదరక తంటాలు పడుతుంటే, ఇస్త్రీపెట్టెతో అంటించి చూడమని ఆయన భార్య చెప్పిందంటారు.

ఐఎస్‌ఓ ప్రమాణాల ప్రకారం పట్టీలో మూడు ట్రాకులుంటాయి. మొదటిదానిలో 79 అక్షరాలు పడతాయి. ఖాతాదారుడి పేరు ఉండేది అందులోనే. రెండోదానిలో 40 పడతాయి, అన్నీ అంకెలూ గుర్తులే. మూడోదాన్ని వాడేవాళ్లు తక్కువ. చాలా రీడర్లను కంప్యూటర్ కీబోర్డుగానే గుర్తిస్తుంది కాబట్టి, నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు గీకితే చాలు, అక్షరాలు వాటంతటవే టైపవుతాయి. రెండో ట్రాకు సెమీకోలన్‌తో మొదలవుతుంది. తర్వాత కార్డు నంబరు, సమానం గుర్తు, గడువు, మూడంకెల సర్వీస్ కోడ్, ఇంకొన్ని అంకెలు, చివర ప్రశ్నార్థకం. గడువులో సంవత్సరం ముందు, నెల తర్వాత: 2027 ఆగస్టు అయితే 2708. సర్వీస్ కోడ్ 2తో గానీ 6తో గానీ మొదలైతే కార్డుకు చిప్ ఉన్నట్టు. గీకిన కార్డును లోపల పెట్టమని దుకాణంలో మిషన్ అడిగేది ఆ అంకెను చూసే.

రాయడానికి ఎన్‌కోడర్ కావాలి. పట్టీ 300 ఓర్‌స్టెడ్ (అయస్కాంత బలానికి కొలత) రకమా, 2750 రకమా అన్నది సాఫ్ట్‌వేర్‌లో ముందే ఎంచుకోవాలి. మొదటి రకం మామూలు అయస్కాంతం పక్కన పెట్టినా చెరిగిపోతుంది. పట్టీ ఉన్న హోటల్ గది తాళం కార్డుల్లో ఎక్కువగా ఉండేది అదే. బ్యాంకు కార్డులకు రెండోది.

పట్టీలో దాపరికమేమీ లేదు. ఎవరు గీకినా అదే సమాచారం బయటికొస్తుంది, మరో కార్డు మీదికీ ఎక్కుతుంది. స్కిమ్మింగ్ మోసాలకు మూలం ఇదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పట్టీది. ఇతరుల కార్డు వివరాలు ఇలా కాజేసి వాడుకుంటే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఉత్త మాగ్నెటిక్ కార్డుల స్థానంలో చిప్, పిన్ కార్డులివ్వాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు 2018 డిసెంబర్ 31తో ముగిసింది.

పట్టీ ఎంత పక్కకు పోయిందో తమిళనాడులోని తిరువళ్లూరు, తిరుత్తణి వైపు చూస్తే తెలుస్తుంది. అక్కడికి వెళ్లే చెన్నై సబర్బన్ లైన్లలో టికెట్ మిషన్ల దగ్గర వాడే రైల్వే స్మార్ట్ కార్డును గీకే పని లేదు, మిషన్ మీద పెడితే చాలు. తమిళనాడు 2017 నుంచి ఇస్తున్న రేషన్ స్మార్ట్ కార్డు మీద ఉన్నది క్యూఆర్ కోడ్. దుకాణాల్లో చెల్లింపులకూ ఫోనూ క్యూఆరే. కోల్‌కతా మెట్రో సైతం మాగ్నెటిక్ టికెట్లను 2011లో వదిలేసింది.

ఇక పట్టీ మిగిలింది ప్రధానంగా బ్యాంకు కార్డు వెనకే. 2033 నాటికి తన కార్డుల్లో అదీ ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లో ప్రకటించింది.