సహభాగ విజ్ఞాన పరిశోధనము, బాలశిక్షణము (అనంతపుర జిల్లా)

తమ పరిసరములందలి సమస్యను జనులే పరికించి, కొలిచి, చర్చించి నిర్ణయమునకు వచ్చు పద్ధతికి సహభాగ పరిశోధనమని పేరు. చదువు అందినవారికిని అందనివారికిని, స్త్రీలకును పురుషులకును అందు సమానస్థానము కల్పించుట దీని ముఖ్యలక్షణము. సాలీనా సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతమున నుండు అనంతపుర జిల్లాలో ఈ పద్ధతికి నీరే ప్రధానవిషయమైనది.

పొరుగున కడప జిల్లాయందలి పోరుమామిళ్ల చెఱువు శాసనము (1369) తటాకనిర్మాణమునకు వలయు పన్నెండంగములను పేర్కొనుచు, అందు జలశాస్త్రకోవిదుడైన బ్రాహ్మణు నొకనిని చేర్చినది. జలవిద్య ఆనాడు కొందఱి సొత్తు. విజ్ఞానమును జనులందఱికిని పంచు యత్నము తరువాతి కాలమున సాగినది.

1987 అక్టోబరు 2న బయలుదేఱి నవంబరు 7న భోపాలు చేరిన భారత జన విజ్ఞాన జాతా దేశమున నూతనోత్సాహము కలిగించెను. మఱుసటి యేడు ఆంధ్రదేశమున జన విజ్ఞాన వేదిక యను సంస్థ వెలసెను. అది బాలురకొఱకు వెలువరించిన ‘చెకుముకి’ మాసపత్రిక తెలుగున సరళవిజ్ఞానమునకు మేలిబంతి. 1993 నుండి జాతీయస్థాయిని జరుగుచున్న బాలల సైన్సు కాంగ్రెసునందు 10–17 ఏండ్లవారు జట్టుగా స్థానికసమస్య నొకదానిని ఎన్నుకొని శోధింతురు. బడి మానినవారికిని ఇందు ప్రవేశము కలదు, మాతృభాషలోనే నివేదింపవచ్చును. బహుమతులకంటె ఈ రెండు నియమములే కొనియాడదగినవి.

పెద్దలలోను ఈ పద్ధతి సాగెను. 2003లో నెదర్లాండ్సు సాయముతో ఆరంభమై, పిమ్మట ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆదరణ పొందిన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకము అనంతపురముతోకూడ ఏడు కరువు జిల్లాలలో 600కు పైబడిన పల్లెల నావరించెను. రైతులు, స్త్రీలును చేరి, వర్షమాపకములు చూచుచు, బోరుబావులలో నీటిమట్టమును పదునైదు దినముల కొకమాఱు కొలిచి నమోదు చేసిరి. జూన్ మొదలు మే వఱకు సాగు రైతు నీటి బడులు పక్షమున కొకసారి కూడెడివి. రబీకి ముందు, ఉన్న నీరెంత, వేయబోవు పైరుల కెంత కావలెనని జమాఖర్చు వేసి ఎల్లరి యెదుట ఉంచెడివారు. వరి వేయరాదని ఆజ్ఞాపించినవారు లేరు. గట్టి రాతినేలలో ఎండిన బోరు చూచి అప్పుల పాలైన రైతునకు ఈ లెక్క ఉపన్యాసముకంటె విలువైనది. ప్రపంచ బ్యాంకు 2010 నాటి నివేదికయందు ఈ పథకమును సముదాయ భూగర్భజల నిర్వహణకు ఆదర్శముగా చూపినది.

2014–15లలో బాలల సైన్సు కాంగ్రెసునకు వాతావరణ, శీతోష్ణస్థితుల అవగాహన ముఖ్యాంశముగా నుండెను. వర్షమాపకము నెఱిగిన పల్లెబిడ్డకు అది పరాయి పాఠము కాజాలదు.