గాండీవం ఎవరిది?

దసరాకి వైరా వెళ్ళినప్పుడు జమ్మి చెట్టు దగ్గర మా మేనల్లుడు ఓ ప్రశ్న వేశాడు. "మామయ్యా, గాండీవం గేమ్‌లో విల్లు కదా, దాన్ని చెట్టెక్కించడమేంటి?"

వాడి తప్పేం లేదు లెండి. 2002లో మొదలైన ఫైనల్ ఫాంటసీ 11లోకి 2010లో కొత్త ఆయుధాలు చేర్చినప్పుడు, రేంజర్ విల్లుకి గాండీవం అనే పేరు పెట్టారు. 2015లో జపాన్‌లో వచ్చిన ఫేట్ గ్రాండ్ ఆర్డర్‌లో అర్జునుడే గాండీవంతో దిగుతాడు. మన పుణె వాళ్ళు 2020లో చేసిన రాజీలో మాత్రం విష్ణువు విల్లు శార్ఙ్గం. భద్రాచలం పక్కనే పెరిగిన మాకు విల్లంటే ముందు కోదండమే గుర్తొస్తుంది, కానీ గేముల్లో నాకు ఎక్కువగా కనిపించింది గాండీవమే. ఎందుకో ఊహించొచ్చు. రెండు అక్షయ తూణీరాలతో సహా వచ్చింది, అంటే అన్‌లిమిటెడ్ అమ్యునిషన్. డిజైనర్‌కి రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రెడీగా ఉన్నట్టే.

గేముల వాళ్ళు వదిలేసింది మిగతా కథ. అసలది అర్జునుడి సొంతం కాదు. అగ్నికి ఖాండవ వనం కావాలి, ఇంద్రుడేమో వానలు కురిపించి అడ్డుపడుతున్నాడు. అప్పుడు అగ్ని వరుణుణ్ణి అడిగి ఈ విల్లు ఇప్పించాడు. నన్నయ ఆదిపర్వం ముగిసేది ఈ ఘట్టంతోనే. అంటే గాండీవం చేసిన మొదటి పని మంటల్లోంచి పారిపోతున్న ప్రాణుల్ని బయటికి పోనివ్వకపోవడం! మిగిలింది తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. మొత్తం ఆరుగురు. తల్లాడ దాటి కొత్తగూడెం దారిలో అడవి మొదలయ్యే చోట కూర్చుని ఇది చదివితే అర్జునుడి మీద అంత ముచ్చటేయదు. ఆ అడవిలో కోయవాళ్ళ చేతిలోనూ విల్లు ఉంది, భూమి పండక్కి వేటకి తీసుకెళ్తారు. అడవి తగలబడితే వాళ్ళకి వేటే లేదు.

ఇక చివర. కృష్ణుడు పోయాక ద్వారక స్త్రీలని వెంటబెట్టుకుని వస్తుంటే దొంగలు పడ్డారు. అర్జునుడు అతికష్టం మీద నారి ఎక్కించాడు. అస్త్రాలు గుర్తుకు రాలేదు. అక్షయం అనుకున్న బాణాలూ అయిపోయాయి! వింటికొనతోనే కొట్టాడు పాపం. ఆ తర్వాత మహాప్రస్థానంలో అగ్ని దారికడ్డంగా నిలబడి, వరుణుడిది వరుణుడికి ఇచ్చెయ్యమన్నాడు. రిలీవింగ్ రోజున హెచ్ఆర్ వాళ్ళు లాప్‌టాప్ అడిగినట్టే. అర్జునుడు విల్లునీ తూణీరాల్నీ నీళ్ళలో వేశాడు.

ఇదంతా విని మావాడు "లాస్ట్ లెవెల్లో వెపన్ లాగేసుకుంటారా? అన్యాయం మామయ్యా" అన్నాడు. అర్జునుడికీ ఇవ్వబుద్ధి కాలేదురా అన్నాను. రాజ్యం వదిలాడు, నారబట్టలు కట్టాడు, విల్లు మాత్రం మోసుకుంటూనే వెళ్ళాడు. వ్యాసుడు మొహమాటపడకుండా కారణం కూడా రాశాడు, విలువైన వస్తువు మీద ఆశ అని.