స్థానిక ప్రాక్సీ సర్వర్

స్థానిక ప్రాక్సీ సర్వర్ అంటే వెబ్ ఏపీఐలను పరీక్షించేందుకు డెవలపర్ తన కంప్యూటర్‌లోనే నడుపుకొనే మధ్యవర్తి ప్రోగ్రామ్. బ్రౌజర్ నుంచి వచ్చిన అభ్యర్థనను ఇది అసలు సర్వర్‌కు చేరవేసి, జవాబును తిరిగి అందిస్తుంది. సాధారణంగా 127.0.0.1 అనే లూప్‌బ్యాక్ చిరునామాలో, 8080 వంటి పోర్టులో పనిచేస్తుంది.

నేపథ్యం: వెబ్ ప్రాక్సీలు 1994 నాటికే సెర్న్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. 1995లో నెట్‌స్కేప్ తెచ్చిన ఏక మూల విధానం ప్రకారం ప్రోటోకాల్, హోస్ట్, పోర్టు మూడూ కలిస్తేనే రెండు చిరునామాలది ఒకే మూలం. వేరే మూలం నుంచి వచ్చిన జవాబును పేజీలోని స్క్రిప్టు చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. సర్వరే అనుమతి తెలిపే కార్స్ పద్ధతి 2014 జనవరిలో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది.

పనితీరు: కార్స్ అనుమతి లేని ఏపీఐని పరీక్షించడానికి ప్రాక్సీ ఉపయోగపడుతుంది. ఉదాహరణకు వీట్ (Vite) అనే వెబ్ అభివృద్ధి సాధనపు డెవలప్‌మెంట్ సర్వర్ సాధారణంగా 5173 పోర్టులో పేజీని అందిస్తుంది. దాని ప్రాక్సీ అమరికలో ‘/ఏపీఐ’ వంటి దారిని, గమ్య సర్వర్ చిరునామాను రాస్తే, ఆ దారికి వచ్చిన అభ్యర్థనలన్నీ అక్కడికి మళ్లుతాయి. బ్రౌజర్ దృష్టిలో పేజీ, ఏపీఐ రెండూ ఒకే మూలానివి. సర్వర్ల మధ్య సంభాషణకు ఏక మూల విధానం వర్తించదు.

ప్రాధాన్యం, పరిమితులు: ఏపీఐ వాడకానికి కావాల్సిన రహస్య తాళంచెవిని ప్రాక్సీయే జతచేస్తే అది బ్రౌజర్ కోడ్‌లో కనిపించదు. మిట్‌మ్‌ప్రాక్సీ వంటి సాధనాలు అభ్యర్థనలను నమోదుచేసి చూపుతాయి. హెచ్‌టీటీపీఎస్ సంభాషణ చదవాలంటే వాటి ధ్రువపత్రాన్ని కంప్యూటర్‌లో నమ్మకమైనదిగా చేర్చాలి. 0.0.0.0 చిరునామాలో నడిపితే అదే నెట్‌వర్క్‌లోని ఇతర పరికరాలకూ ప్రాక్సీ అందుబాటులోకి రావచ్చు. వీట్‌లోని ప్రాక్సీ అమరిక అభివృద్ధి దశకే పరిమితం. ప్రచురించిన సైటుకు వర్తించదు.