రైలు భోజనం పద్దులు - ఒక గుమాస్తా పరిశీలన

సర్వీసులో మనమంతా బడ్జెట్ స్టేట్‌మెంట్లు తయారుచేసిన వాళ్ళమే. ఈ ఏటి అంకె పక్కన గత సంవత్సరం అంకె వేయకపోతే ఫైలు తిరిగి వచ్చేది. ఆ పక్క గడి విలువ ఎంతటిదో రైలు భోజనాల చరిత్ర చక్కగా చెబుతుంది.

1969లో మొదలైన రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో భోజనం ఖర్చు టికెట్టులోనే కలిసి ఉండేది. 1999లో ఐ.ఆర్.సి.టి.సి. అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. రైళ్ళలో భోజనాల బాధ్యత 2005 విధానంతో ఆ సంస్థకు వెళ్ళింది. 2010లో చాలావరకు తిరిగి రైల్వే జోన్లకు వచ్చింది. 2017లో మళ్ళీ సంస్థకే అప్పగించారు. ఆ తర్వాత సంస్థ భోజనాల అమ్మకాలు పెరిగాయంటే ప్రయాణికులు ఎక్కువగా తిన్నారని అర్థం కాదు. వంటశాలలు చేతులు మారాయి, అంతే.

2019-20లో భోజనాల విభాగం రాబడి వెయ్యి కోట్ల రూపాయలు దాటింది. 2020 మార్చిలో కరోనా వల్ల రైళ్ళు ఆగాయి. మరుసటి ఏడాది ఆ రాబడి నాలుగో వంతు కూడా లేదు. రైళ్ళన్నిటిలో వండిన భోజనం తిరిగి మొదలయ్యేసరికి 2022 ఫిబ్రవరి వచ్చింది.

సంస్థ మొత్తం రాబడి 2020-21లో సుమారు 780 కోట్లు, 2021-22లో సుమారు 1,880 కోట్లు. ఒక్క ఏటిలో రెండింతలకు మించిందని సంబరపడవచ్చు. కాని 2019-20 అంకె సుమారు 2,275 కోట్లు. ఆ గడి కూడా పక్కన పెడితే ఇంకా దాదాపు 400 కోట్లు తక్కువే.

లాభం కథ వేరు. 2019-20లో 500 కోట్ల పైచిలుకు ఉన్న నికర లాభం 2021-22లో సుమారు 660 కోట్లయింది. రాబడి తగ్గినా లాభం పెరగడానికి ముఖ్య కారణం ఇంటర్నెట్ టికెట్లు. అందులో రూపాయికి ముప్పావలా పైనే మిగులుతుంది. భోజనంలో మిగిలేది రెండణాల చుట్టుపక్కలే. బియ్యం, నూనె, గ్యాస్, వంటవాళ్ళ జీతాలు పోగా మిగిలేది అంతే మరి.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 1980లలో మా కార్యాలయం క్యాంటీన్ కమిటీకి నేను కార్యదర్శిని. ఒక వార్షిక సమావేశంలో "అమ్మకాలు గత సంవత్సరం కంటే పెరిగాయి" అని గర్వంగా చదివాను, అందరూ చప్పట్లు కొట్టారు. పప్పు, నూనె ధరలు ఎంత పెరిగాయో, అరువు ఖాతాలో వసూలు కానిది ఎంతో నేను పక్కన వేయలేదు, ఎవరూ అడగలేదు. ఏడాది తిరగకుండానే కిరాణా కొట్టు బాకీ తీర్చలేక క్యాంటీన్ మూతబడింది. వంటమాస్టరు, ఇద్దరు సర్వర్లు ఉపాధి పోగొట్టుకున్నారు. ఆ తప్పు నాదే.

కనుక మిత్రులారా, మన సంఘం సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పట్టిక చదివేటప్పుడు దయచేసి కునుకు తీయకండి. అంకె పెరిగిందంటే ఏ సంవత్సరం కంటే అని అడగండి. చివరికి మిగిలింది ఎంత అని కూడా అడగండి. అడిగినందుకు కోశాధికారి నొచ్చుకోరాదని కూడా నా మనవి.