హోలె అవ్వ ఇంట్లో పనిపిల్ల

జర్మన్ జానపద గాథల్లోని హోలె అవ్వను నేను చాలాకాలం అపార్థం చేసుకున్నాను. కష్టపడే పిల్లకు బంగారు వాన, సోమరిపిల్లకు తారు వాన. యజమానులు పనివాళ్లకు చెప్పే నీతిపాఠం తప్ప ఇందులో ఏముంది అనుకున్నాను. ఆ అభిప్రాయం సగమే నిజమని ఇప్పుడు తోస్తున్నది.

గ్రిమ్ సోదరులు ఈ కథను 1812లో అచ్చువేశారు. వారికి చెప్పిన డోర్ట్‌షెన్ విల్డ్ కాసెల్ పట్టణంలోని ఒక మందుల అంగడి యజమాని కూతురు. 1825లో ఆమె విల్‌హెల్మ్ గ్రిమ్‌ను పెళ్లాడింది. కథకు మధ్యతరగతి గృహనీతి అంటుకోవడంలో ఆశ్చర్యం లేదు. 1835లో యాకోబ్ గ్రిమ్ తన జర్మన్ పురాణశాస్త్ర గ్రంథంలో హోలెను ప్రాచీన దేవతల సరసన నిలబెట్టాడు. నీతికీ దైవత్వానికీ మధ్య నూలు వడికే పిల్ల మరుగున పడింది.

ఆ పిల్లనే చూద్దాం. తర్వాతి ముద్రణల్లో స్థిరపడిన పాఠంలో, వడికి వడికి వేళ్లు చిట్లి కదురుకు నెత్తురంటుతుంది. కడగబోతే అది బావిలో జారిపడుతుంది. ఎలాగైనా తెచ్చి తీరాలంటుంది సవతితల్లి. దిక్కుతోచక పిల్ల బావిలో దూకుతుంది. అడుగున ఒక పచ్చికబయలు, పెద్దపళ్ల ముసలమ్మ ఇల్లు. పరుపు దులపడం పిల్ల పని. ఈకలు ఎగిరితే పైలోకంలో మంచు కురుస్తుంది.

ఆ ఇంట్లో కసురుమాట లేదు. రోజూ మాంసంతో భోజనం. ఇంటిమీద బెంగపడి వెళ్తానంటే అవ్వ అడ్డుచెప్పదు. పోయిన పనిముట్టు తిరిగి చేతికిస్తుంది, ప్రతిఫలం ముట్టజెబుతుంది. వీటిని స్వర్గసుఖాలనడం కంటే ఒక పనిమనిషి కోరదగిన పని షరతులనడమే సబబు. నేలమీద దొరకని న్యాయాన్ని కథ నేల అడుగున చూపింది.

అయితే అవ్వకు మరో ముఖం ఉంది. క్రిస్మస్ తర్వాతి పన్నెండు రాత్రుల్లో ఆమె ఇల్లిల్లూ తిరిగి వడకని నార మిగిల్చిన ఆడవాళ్లను శిక్షిస్తుందని జర్మన్ పల్లెల్లో నమ్మేవారు. ఇక్కడ వినిపించేది మేస్త్రీ గొంతు. శ్రామికుల కలా, శ్రమ చేయించుకునేవారి బెదిరింపూ ఒకే బొమ్మలో ఇమిడిపోయాయి.

జానపద సాహిత్యాన్ని పూర్తిగా ప్రజలదని ఆరాధించేవారూ, పూర్తిగా పాలకవర్గాలదని తోసిపుచ్చేవారూ ఈ వైరుధ్యాన్ని చూడలేరు. నేనూ చూడలేదు. 1930లలో నాజీలు ఇలాంటి గాథల్ని 'జాతి ఆత్మ'కు సాక్ష్యాలుగా వాడుకున్నారు. అటువంటి వాడకాన్ని ఎదుర్కోవాలంటే, కథలోని దేవత ఎవరో తేల్చడానికి ముందు, నెత్తురంటిన ఆ కదురు ఎవరిదో విమర్శకుడు అడగాలి.