డిగ్రీ విద్యార్థుల సమాజ సేవ, ఉద్యోగ సన్నద్ధత: నర్సీపట్నం నేపథ్యం

చదువులో ముందున్న విద్యార్థులను ఒక సంఘంగా చేర్చి, వారికి సేవా బాధ్యతనూ వృత్తి జీవితానికి కావలసిన తర్ఫీదునూ కలిపి ఇవ్వడం అమెరికా కళాశాలల సంప్రదాయం. 1776లో వర్జీనియాలో పుట్టిన ఫై బీటా కప్పా అక్కడి ప్రతిభా సంఘాల్లో అన్నిటికన్నా పాతది. 1918లో రెండేళ్ల కళాశాలల కోసం మొదలైన ఫై తీటా కప్పా పాండిత్యం, నాయకత్వం, సేవ, సహవాసం అనే నాలుగింటినీ తన లక్షణాలుగా చెప్పుకుంది. తెలుగునాట అదే పని మూడు పాయలైంది: ప్రతిభ మార్కుల జాబితాకు, సేవ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కు, కొలువు ప్లేస్‌మెంట్ సెల్‌కు పోయాయి. ఈ విభజన వల్ల ఎక్కువగా నష్టపోయింది నర్సీపట్నం వంటి చిన్న పట్టణాల విద్యార్థులే. ఇప్పుడిప్పుడే జరుగుతున్న కలయిక వల్ల ఎక్కువ లాభం పొందగలిగిందీ వాళ్లే.

సేవ పాయ పాతది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, స్వాతంత్ర్యం తర్వాత విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేసే ఏర్పాటు ఉండాలని ఆ కమిషన్ సూచించింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఒక అడుగు ముందుకు వేసి, విద్య అన్ని దశల్లోనూ సమాజ సేవ భాగం కావాలంది. గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని చట్రం. రోడ్లు బాగుచేయడం, మొక్కలు నాటడం, రక్తదానం, అక్షరాస్యత వంటి పనులతో కొన్ని తరాలు ఆ శిబిరాల్లో పాల్గొన్నాయి. కానీ ఆ గంటలు తరగతి గదిలోని పాఠంతో కలవలేదు. ఊళ్లో చూసింది కామర్స్ విద్యార్థి ప్రశ్నగానో ఎకనామిక్స్ విద్యార్థి లెక్కగానో మారి కళాశాలకు తిరిగి వచ్చే దారి లేకపోయింది.

కొలువు పాయ చాలా ఆలస్యంగా వచ్చింది. 2000ల దశకం మధ్యలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు కంప్యూటర్, ఇంగ్లిష్, ఇంటర్వ్యూ తర్ఫీదు మొదలుపెట్టాయి. 2014లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇవి మంచి ప్రయత్నాలే. అయితే వాటి చూపు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు కంపెనీల మీదే నిలిచింది.

2020–21లో రాష్ట్ర ఉన్నత విద్యా మండలి డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి, ఇంటర్న్‌షిప్‌లతో పాటు సమాజ సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేయడంతో రెండు పాయలూ కలిశాయి. విద్యార్థి వేసవిలో 180 గంటలు ఒక గ్రామానికో వార్డుకో కేటాయించాలి. ఇంటింటి సామాజిక, ఆర్థిక సర్వే చేయాలి, ఒక సమస్యను తీసుకుని అవగాహన కల్పించాలి, లాగ్‌బుక్ రాయాలి, నివేదిక ఇవ్వాలి. దీనికి క్రెడిట్లు ఉన్నాయి. నర్సీపట్నానికి ఇది బాగా సరిపోతుంది: ఆ ఊరు గిరిజన ఏజెన్సీ ప్రాంతానికి ముఖద్వారం. చుట్టూ జీడిమామిడి తోటలు, పైన చింతపల్లి వైపు కాఫీ, పసుపు. గొలుగొండ లేదా నాతవరం మండలంలో జీడిపిక్కల ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, రైతు చేతికి ఎంత వస్తోంది అని ఇరవై ఇళ్లు తిరిగి అడిగినవాడికి మార్కెటింగ్ పాఠం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. కొత్తవాళ్లతో మాట్లాడటం, అంకెలను పట్టికలో పెట్టడం, విన్నది కుదురుగా రాయడం అన్నీ కొలువుకు కావలసినవే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలు భర్తీ అయ్యాయి. వాటిలో చాలావాటికి సర్వే, నమోదు నిత్యకృత్యం. ఊరిని చదవగలగడమే ఉద్యోగార్హత అని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కర్లేదు.

ఈ తప్పనిసరి ప్రాజెక్టుపై అభ్యంతరాలూ ఉన్నాయి. బలవంతపు సేవ సేవే కాదన్నది మొదటిది. రాధాకృష్ణన్ కమిషన్ కూడా స్వచ్ఛందం అనే అంది. ఈ మాటలో బలముంది. కానీ ఐచ్ఛికంగా ఉన్నంత కాలం సేవ కొద్దిమందికే దక్కింది. ప్రయోగశాల తప్పనిసరి అయితే ఎవరూ నొచ్చుకోరు; ఊరిని కూడా అలాంటి పాఠంగా చూస్తే తప్పనిసరి చేయడంలో అన్యాయం లేదు, దానికి త్యాగమని పేరు పెట్టకపోతే చాలు. రెండోది, సర్వేలు కాగితాల మీదే జరుగుతాయన్న అనుమానం. నకలు నివేదికల బెడద నిజమే. మెంటార్‌గా ఉన్న అధ్యాపకుడు ఊరికి వెళ్లి చూడటం, నివేదికను గ్రామసభలో చదివి వినిపించడం దానికి మందు. తమ గురించి రాసింది తప్పయితే ఊరివాళ్లే పట్టుకుంటారు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు ఏరే కాలం, ఉపాధి హామీ పనులు జోరుగా సాగే కాలం కూడా. పేదింటి విద్యార్థికి వేసవి సెలవులంటే కూలి రోజులు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగల చోటే ప్రాజెక్టు చేయమన్న నిబంధన కొంత ఊరట. అది చాలదు. అలాంటి విద్యార్థికి 180 గంటలను ఏడాదంతా ఆదివారాలకు పంచుకునే వీలివ్వాలి, లేదా ఆ వేసవి నెలలకు ఉపకార వేతనం ఇవ్వాలి. 2023–24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ ఆనర్స్ విధానం వచ్చి పాఠ్యప్రణాళిక మరోసారి మారినా, ఈ వెసులుబాటు అవసరం మాత్రం అలాగే ఉంది.